వీణమెట్ల నుండి జావాస్క్రిప్టు వరకు

శబ్దము కంటికి కనబడదు, చేతికి చిక్కదు. అయినను దానిని కొలిచి, సంఖ్యగా మార్చి, ఆ సంఖ్య నుండి మరల శబ్దమును పుట్టింపవలెనను ప్రయత్నమును మానవుడు చాల కాలము నుండి చేయుచున్నాడు. వీణ దండిపై మెట్లు అమర్చు శిల్పియు, నేడు జావాస్క్రిప్టు భాషలో నాలుగు వాక్యములు వ్రాసి కంప్యూటరుచేత షడ్జమమును పలికించు విద్యార్థియు చేయు పని యొక్కటే. పనిముట్లు మారినవి. ప్రశ్న మాత్రము మారలేదు: ఏ స్వరమునకు ఏ సంఖ్య?

ఈ పనికి క్రొత్తగా పూనుకొన్నవారు మొదటి దినముననే కొన్ని చిక్కులలో పడుదురు. వ్రాసిన ప్రోగ్రాములో తప్పు కనబడదు. శబ్దము మాత్రము రాదు. వచ్చినను స్వరము తప్పును. లేదా నడుమ టప్పుమని చప్పుడగును. లేదా తాళము జారును. ఇట్లు రెండు మూడు పర్యాయములు జరుగగానే, ఈ విద్య మనకు అబ్బదని పలువురు దానిని విడిచిపెట్టుదురు. అట్లు విడువవలసిన పని లేదు. ఈ చిక్కులు నేర్చుకొనువాని తెలివితక్కువ వలన పుట్టినవి కావు. ఒక్కొక్కదాని వెనుక శబ్దస్వభావమో, యంత్రముల చరిత్రయో కలదు. అది తెలిసినచో దోషమును వెదకవలసిన చోటు తెలియును.

మన సీమలో తొలి లెక్క

శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దున గుడిబండ మండలమున్నది. తెలుగు, కన్నడము రెండును వినవచ్చు ప్రాంతమిది. ఇచ్చటి నుండి హిందూపురము మీదుగా తూర్పునకు పోయినచో లేపాక్షి వచ్చును. హిందూపురమునకు ఉత్తరమున, విజయనగర రాజులకు 1565 తరువాత రాజధానియైన పెనుకొండ కలదు. లేపాక్షి వీరభద్రాలయమును అచ్యుతదేవరాయల కాలమున, అనగా 1529-1542 నడుమ, విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు కట్టించిరని ప్రసిద్ధి. అచ్చటి నాట్యమండప స్తంభములపై తుంబురుడు వీణతోను, బ్రహ్మ మద్దెలతోను నిలిచియున్నారు. ఆనాటి రాజాస్థానములలో సంగీతమునకు గల గౌరవమునకు ఆ రాతిబొమ్మలే సాక్ష్యము.

ఆ కాలపు సంగీతమునకు రాతిలోనే గాక గ్రంథములోను సాక్ష్యము మిగిలినది. అళియ రామరాయల ప్రేరణచే రామామాత్యుడు 1550లో 'స్వరమేళకళానిధి' అను సంస్కృత గ్రంథమును రచించెను. దీనిని అన్నామలై విశ్వవిద్యాలయము 1932లో ప్రచురించినది. ఇందు అతడు వర్ణించిన వీణలలో ఒకదాని పేరు అచ్యుతరాజేంద్ర మేళవీణ. లేపాక్షి ఆలయమును కట్టించిన కాలపు రాజు పేరే ఆ వీణకును వచ్చినది. ఒక్కొక్క రాగమునకు తగినట్లు మెట్లుండు వీణను ఏకరాగ మేళవీణయనియు, అన్ని రాగములకు చాలునట్లు మెట్లున్న వీణను సర్వరాగ మేళవీణయనియు అతడు వేరుపరచెను. రాగము మారినప్పుడెల్ల మెట్లు జరపనక్కర లేకుండ, ఒకే అమరికతో అన్నింటిని పలికింపవలెననుట గొప్ప ఆలోచన. నేటి భాషలో చెప్పవలెనన్న, ఒక్కొక్క లెక్కకు ఒక్కొక్క యంత్రము కాక, అన్ని లెక్కలకు ఒకే యంత్రమును కోరుట వంటిది.

కూడిక కాదు, గుణకారము

మెట్ల అమరికలో ఒక సూక్ష్మము కలదు. తంతి పొడవు 90 సెంటీమీటర్లు అనుకొందము. మీటినప్పుడు అది షడ్జమము పలుకును. పంచమము పలుకవలెనన్న పొడవులో మూడింట రెండు వంతులు, అనగా 60 సెంటీమీటర్లు కంపింపవలెను. పై షడ్జమమునకు సగము, 45 సెంటీమీటర్లు. పై పంచమమునకు 30 సెంటీమీటర్లు. క్రింది షడ్జమము నుండి పంచమమునకు జరిగిన దూరము 30 సెంటీమీటర్లు కాగా, పై స్థాయిలో అదే దూరము 15 సెంటీమీటర్లే యైనది. అందుచేతనే వీణపై గుర్రము వైపు పోయినకొలది మెట్లు దగ్గరపడును. చెవికి సమానముగా తోచునది దూరము కాదు, నిష్పత్తి.

క్రొత్తగా ప్రోగ్రాము వ్రాయువారు తరచుగా పొరపడునది ఇచ్చటనే. షడ్జమమునకు సెకనుకు 240 కంపనములు, పంచమమునకు 360. భేదము 120. కావున పై షడ్జమమైన 480కి మరల 120 కూడి, 600 పై పంచమమని వ్రాయుదురు. కాని మ్రోగునది పంచమము కాదు! 600ను 480చే భాగించిన వచ్చునది ఒకటింబాతిక, అనగా నాలుగింట అయిదు. అది అంతర గాంధారము. పై పంచమము కావలెనన్న 480ని ఒకటిన్నరచే గుణించి 720 వ్రాయవలెను. పండ్రెండు స్వరస్థానములను సమాన నిష్పత్తిలో విభజింపదలచినచో, ఒక్కొక్క మెట్టుకు సుమారు 1.0595చే గుణింపవలెను. పండ్రెండు పర్యాయములు గుణించిన సరిగా రెండగును.

ఇదే కూడికలో జావాస్క్రిప్టుకు ప్రత్యేకమైన మరియొక చిక్కు కలదు. పుటలోని పెట్టెలో మనము 240 అని వ్రాసినచో, ఆ భాష దానిని సంఖ్యగా గాక అక్షరముల వరుసగా గ్రహించును. దానికి 120 కూడుమనినచో 360 రాదు. రెండింటిని ప్రక్కప్రక్కన చేర్చి 240120 అనును! అంతటి పౌనఃపున్యమును యంత్రము పలికింపజాలదు, చెవి వినజాలదు. మనకు మిగులునది నిశ్శబ్దము. విచిత్రమేమనగా, అదే 240ని ఒకటిన్నరచే గుణించుమనినచో సరిగా 360 వచ్చును. గుణకారమునకు అక్షరములను సంఖ్యగా మార్చుకొనును, కూడికకు మార్చుకొనదు.

ఈ చాపల్యమునకు కారణము చరిత్రలో కలదు. 1995 మే నెలలో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ ఈ భాష తొలి రూపమును పది దినములలో సిద్ధపరచెను. వెబ్ పుటలను కూర్చువారు పండితులు కాకపోవచ్చునని, వారు చిన్న తప్పులు చేసినను పుట నిలిచిపోరాదని దాని ఉద్దేశము. అందుచే తప్పును చూపుటకు బదులు ఏదో ఒక అర్థము చెప్పుకొని అది ముందుకు సాగును. ఆ సౌలభ్యమే ఇప్పుడు చిక్కు. పెట్టెలోని దానిని ముందుగా 'నంబర్' అను ఆదేశముతో సంఖ్యగా మార్చుట దీనికి మందు.

యంత్రము పాడిన తొలి పాటలు

కంప్యూటరు పాడుట జావాస్క్రిప్టు కంటె నాలుగు దశాబ్దములకు పైగా పాతది. 1951లో ఆస్ట్రేలియా సిడ్నీ నగరమున, తరువాత సిసిరాక్ అని పేరొందిన యంత్రము ఒక సభలో పాట పలికెను. అదే సంవత్సరము ఇంగ్లండు మాంచెస్టరులోని ఫెరాంటి యంత్రముచేత క్రిస్టఫర్ స్ట్రాచీ పాట పాడించెను, బి.బి.సి. వారు ఆ యంత్రపు పాటలను ముద్రించిరి. ఆ యంత్రములో హెచ్చరికకై ఒక కూతపరికరముండెను. ఒక ఆదేశమును మాటిమాటికి చేయించినచో అది త్వరత్వరగా చప్పుడుచేసి స్వరమువలె వినిపించెడిది. కాని రెండు చప్పుళ్ల నడిమి కాలము యంత్రపు అడుగుకాలమునకు పూర్ణగుణిజము కావలసి వచ్చెను. అందుచే కావలసిన స్వరము కాక, దాని ప్రక్క స్వరమే చాలచోట్ల లభించెను. మెట్టు లేని చోట స్వరము పలుకని వీణవంటి దశ అది.

ఈ బంధమును విడిపించినవాడు మాక్స్ మాథ్యూస్. 1957లో బెల్ ప్రయోగశాలల తరపున ఆయన వ్రాసిన ప్రోగ్రాముతో ఐ.బి.ఎమ్. 704 యంత్రము 17 సెకనుల పాటను లెక్కగట్టెను. ఇందు యంత్రము స్వయముగా చప్పుడు చేయలేదు. తరంగము ప్రతిక్షణమున ఎంత యెత్తున ఉండవలెనో సంఖ్యలుగా వ్రాసియిచ్చెను. ఆ సంఖ్యలు పిదప విద్యుత్తుగాను, శబ్దముగాను మారెను. సెకనుకు ఎన్ని సంఖ్యలు కావలెను? వినదలచిన అత్యధిక పౌనఃపున్యమునకు రెండింతలకు మించి ఉండవలెనని నైక్విస్ట్, షానన్‌ల సిద్ధాంతము. మనుష్యుని చెవి సుమారు 20,000 వరకు వినగలదు. 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కుకు సెకనుకు 44,100 సంఖ్యలు నిర్ణయించిరి. పైన చెప్పిన 240120 ఏల వినబడదో దీనివలన స్పష్టమగును. ఆ లెక్కన 22,050కి మించిన తరంగమునకు చోటే లేదు.

1960 ప్రాంతమున మాథ్యూస్ మరియొక ఉపాయము తెచ్చెను. తరంగమును పుట్టించుట, పెంచుట, తగ్గించుట, కలుపుట అను పనులకు వేరువేరు చిన్న భాగములు చేసి, వానిని ఒకదానితో నొకటి తగిలించునట్లు ఏర్పాటు చేసెను. నేటి బ్రౌజరులోని వెబ్ ఆడియో అమరిక ఈ పద్ధతి సంతానమే. ఆసిలేటరు స్వరమును పుట్టించును. గెయిన్ అను భాగము దాని బలమును నిర్ణయించును. చివరిది స్పీకరుకు చేరు గమ్యస్థానము. వీనిని 'కనెక్ట్' అను ఆదేశముతో వరుసగా కలుపవలెను. ఒక్క ముడి తప్పినను శబ్దము రాదు, తప్పని యంత్రము చెప్పదు. కాలువ తెగినచో చివరి మడికి నీరు చేరనట్లే. కావున నిశ్శబ్దము ఎదురైనప్పుడు గమ్యస్థానము నుండి వెనుకకు ఒక్కొక్క ముడిని చూచుకొనుచు పోవలెను.

బ్రౌజరు ఏల పలుకదు?

వెబ్ తొలినాళ్లలో పుటకు శబ్దము అరువు సొమ్ము. ఫ్లాష్ వంటి బయటి పరికరములపై ఆధారపడవలసి వచ్చెడిది. ఫ్లాష్‌కు 2020 చివర ముగింపు వచ్చెను. బ్రౌజరే స్వయముగా శబ్దమును లెక్కగట్టవలెనని మొజిల్లా వారొక పద్ధతిని, గూగుల్ సంస్థలో క్రిస్ రోజర్స్ మరియొక పద్ధతిని ప్రతిపాదించిరి. మొజిల్లా పద్ధతిలో సంఖ్యలన్నింటిని జావాస్క్రిప్టే వ్రాయవలెను. రోజర్స్ పద్ధతిలో భాగములను కలిపినచో మిగిలిన లెక్క బ్రౌజరు చూచుకొనును. రెండవదానిపై ఆధారపడిన వెబ్ ఆడియో చిత్తుప్రతి 2011 డిసెంబరులో వెలువడి, పది సంవత్సరముల చర్చ తరువాత 2021 జూన్ 17న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియము ప్రమాణముగా స్థిరపడెను.

ఇంతలో మరియొక బాధ పుట్టెను. పుట తెరువగానే ప్రకటనలు అరచుటచే జనులు విసిగిరి. అందుచే చదువరి ఎచ్చటనైన నొక్కినగాని శబ్దము రాకూడదని బ్రౌజరులు నియమము పెట్టినవి. క్రోమ్ బ్రౌజరు 2018లో ఈ నియమమును అమలుచేయగా, అంతకుముందు వ్రాసిన అనేక ఆటలు, వాద్యములు ఒక్కసారిగా మూగవోయినవి. వానిని వ్రాసినవారు మొరపెట్టగా వెబ్ ఆడియో విషయమున నియమమును కొన్ని నెలలు వాయిదా వేసిరి. ఆ సంవత్సరము డిసెంబరులో మరల తెచ్చిరి. నేడు ప్రారంభకుని తొలి ప్రోగ్రాము పలుకకపోవుటకు చాల తరచుగా ఇదియే కారణము. శబ్దయంత్రము 'సస్పెండెడ్' అను నిద్రావస్థలో నుండును. పుటలో ఒక మీట పెట్టి, దానిని నొక్కినప్పుడు 'రెస్యూమ్' అను ఆదేశమిచ్చినచో మేల్కొనును. ఎవరి చెవిని ఎవరు తాకవచ్చునను మర్యాద ఇది. దీనిని దోషమని తలపరాదు.

మరియొక నియమము. ఒక ఆసిలేటరును ఆపిన పిదప మరల 'స్టార్ట్' అనినచో యంత్రము ఒప్పుకొనదు. ప్రతి స్వరమునకు క్రొత్త ఆసిలేటరును పుట్టింపవలెను. మృదంగముపై వేసిన దెబ్బను వెనుకకు తీసి మరల వేయలేము గదా! ప్రతి దెబ్బ క్రొత్తదే.

టప్పుమను చప్పుడు

స్వరమును హఠాత్తుగా ఆపినప్పుడు టప్పుమను చప్పుడు వినబడును. స్పీకరు చెడినదని కొందరు దానిని మార్చుదురు! కారణము అది కాదు. తరంగము ఎత్తున ఉన్నప్పుడు దానిని ఒక్కపెట్టున సున్నకు దింపినచో అచ్చట నిలువుగోడవంటి తెగుదల ఏర్పడును. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే 19వ శతాబ్దపు ప్రారంభమున చూపినట్లు, ఏ తరంగమునైనను సరళ తరంగముల మొత్తముగా విడదీయవచ్చును. నిలువుగోడను విడదీసినచో అందులో అన్ని పౌనఃపున్యములును ఉండును. చెవికి అదే చప్పుడు. గెయిన్‌ను సెకనులో నూరవ వంతో, యాబదవ వంతో కాలములో మెల్లగా దించినచో ఇది పోవును.

మెల్లగా దించుటలోను ఒక మెలిక కలదు. నిష్పత్తి ప్రకారము తగ్గించు ఆదేశమునకు గమ్యముగా సున్న నిచ్చినచో యంత్రము తప్పు చూపును. సగము, సగములో సగము అని ఎంత దూరము పోయినను సున్న రాదు గదా! కావున 0.001 వంటి అల్పసంఖ్యను ఇయ్యవలెను. ఈ తప్పును చూచి భయపడనక్కర లేదు. అది శుద్ధమైన అంకగణితము.

శబ్దము గరగరలాడుట ఇంకొక చిక్కు. తరంగపు ఎత్తు +1, -1 నడుమ ఉండవలెను. తంబురకు నాలుగు తంతులు గదా యని నాలుగు ఆసిలేటరులను పూర్తి బలముతో కలిపినచో మొత్తము 4 వరకు పోవును. 1కి మించిన భాగమును యంత్రము కత్తిరించివేయును. ఆ తెగిన అంచులే గరగర. ఒక్కొక్కదాని బలమును నాలుగవ వంతు చేసినచో సరిపోవును.

అయినను అది తంబురవలె ఉండదు, ఈలవలె నుండును. ఏలన సరళ తరంగములో అనుస్వరములు లేవు. ఈ రహస్యమును మన దేశమున సర్ సి.వి. రామన్ 1921లోనే కలకత్తాలో పరిశీలించెను. తంబుర గుర్రము వెడల్పుగా నుండుట, తంతి క్రింద దూర్చు నూలుపోగు, ఇవి రెండును కలిసి తంతి కంపనమును మార్చుటచే, మామూలుగా వినరాని అనుస్వరములును అందు బలముగా పలుకునని ఆయన తెలిపెను. అంతకు ముందటి సంవత్సరము మృదంగముపై ఆయన వ్రాసిన వ్యాసములో, నడిమి కరణి వలన దాని స్వరములు ఎట్లు క్రమబద్ధమగునో వివరించెను. ఇరువదవ శతాబ్దపు చివరి దశకములలో బెంగుళూరులోని రేడెల్ సంస్థ ఎలక్ట్రానిక్ తంబురలను తయారుచేసి వ్యాప్తికి తెచ్చినది. నేటి విద్యార్థి 'పీరియాడిక్ వేవ్' అను సాధనముతో ఏ అనుస్వరము ఎంత బలముండవలెనో తానే సంఖ్యలలో వ్రాయవచ్చును. రామన్ చెవితోను కొలతతోను పట్టినదానిని, అతడు లెక్కతో తిరిగి కట్టుచున్నాడన్నమాట.

రెండు గడియారములు

చివరి చిక్కు తాళము. సెకను గడువగానే దెబ్బ వేయుమని 'సెట్ టైమౌట్' అను ఆదేశమిచ్చుట ప్రారంభకుని అలవాటు. ఆ ఆదేశమునకు అర్థము 'సెకను గడిచిన పిదప వీలైనప్పుడు' అని మాత్రమే. జావాస్క్రిప్టు ఒకే పనివాడున్న దుకాణము వంటిది. బొమ్మ గీయుట, మీట చూచుట, దెబ్బ వేయుట అన్నియు అతడే చేయవలెను. దెబ్బకు సెకనులో నూరవ వంతు ఆలస్యమైనదనుకొందము. ఆదితాళము ఎనిమిది అక్షరముల ఆవర్తమునకు ఎనిమిది నూరవ వంతులు. పది ఆవర్తములకు సెకనులో ఎనుబది నూరవ వంతులు, దాదాపు ఒక అక్షరము జారును. అంతవరకు ఏ పాటకుడును ఓర్చుకొనడు.

శబ్దయంత్రమునకు వేరొక గడియారము కలదు. అది సంఖ్యలను 128 చొప్పున కట్టలుగా లెక్కించుచు, జావాస్క్రిప్టు తొందరతో నిమిత్తము లేక నడుచును. రెంటిని కలుపు ఉపాయమును 2013లో క్రిస్ విల్సన్ ఒక వ్యాసములో విశదీకరించెను. సెకనులో నలుబదవ వంతుకొకసారి జావాస్క్రిప్టు లేచి, రాబోవు పదియవ వంతు సెకనులో పడవలసిన దెబ్బలను శబ్దగడియారపు కాలముతో ముందుగనే వ్రాసియుంచవలెను. పనివాడు కొంచెము ఆలస్యముగా వచ్చినను దెబ్బ తన వేళకే పడును. ప్రతి దెబ్బ వేళను ఇప్పటి సమయము నుండి గాక, మునుపటి దెబ్బ వేళకు అక్షరకాలమును కూడి నిర్ణయింపవలెను. ఇచ్చట మాత్రము కూడికే సరియైనది! స్వరమునకు గుణకారము, తాళమునకు సంకలనము.

నేర్చుకొనువారికి

వీణను కొనవలెనన్న ధనము కావలెను. శబ్దశాలకు పోవలెనన్న నగరము కావలెను. బ్రౌజరు మాత్రము గుడిబండలోని కంప్యూటరులోను, బెంగుళూరులోని కంప్యూటరులోను ఒకటే; అందులోని వెబ్ ఆడియోకు వెల లేదు. అడ్డువచ్చునవి రెండే: తప్పు అనగానే కలుగు భయము, ఆ తప్పును యంత్రము ఇంగ్లీషులోనే చెప్పుట. రెండవదానికి మందు తెలుగులో ఇట్టి సంగతులను విరివిగా వ్రాయుట. మొదటిదానికి మందు ఒక క్రమము. శబ్దము రానప్పుడు ముందుగా మీట నొక్కితిమా, యంత్రము మేల్కొనెనా యని చూడవలెను; పిదప ముడులు; పిదప పౌనఃపున్యపు సంఖ్య; పిదప గెయిన్. ఒక్కసారికి ఒక్క దానినే మార్చి వినవలెను. నాలుగింటిని ఒకేసారి మార్చినవానికి శబ్దము వచ్చినను కారణము తెలియదు.

వీణకు మెట్లు వేయువారు నేటికిని మైనము మెత్తగా నున్నప్పుడే మెట్టును జరిపి, మీటి, విని, మరల జరుపుదురు. లెక్క ఎంత సరియైనను చివరి తీర్పు చెవిది. జావాస్క్రిప్టులో 240 అని వ్రాసి మీట నొక్కు విద్యార్థి చేయవలసినదియు అదే.